పసుపు పూసిన పుస్తకం

సెప్టెంబరు 7, 1936. సోమవారం. కోయంబత్తూరు.

పుస్తకాలు వచ్చాయి. మదరాసు నుంచి రైలుబండిలో, గోనెపట్టాలో కుట్టిన రెండు కట్టలు. మిల్లు నుంచి రాగానే విప్పి చూశాను. నూరు ప్రతులు. వాటిలో అంచు నలిగినవి రెండు. అట్ట మీద నా పేరులో అచ్చుతప్పు లేదు.

లోపలి మొదటి పుటలో ఇలా ఉంది: “ఆంగ్ల జంటక్రియలును, వాడుక నుడులును, వాని తెలుగర్థములును. సంగ్రహించినవాడు అళగిరిసామి, స్పిన్నింగు మిల్లు స్టోరుకీపరు, కోయంబత్తూరు.” నాలుగుసార్లు చదివాను. ఇది నేను తప్ప మరొకరు చూడని డైరీ కనుక నిజం వ్రాస్తాను: అయిదోసారి కూడ చదివాను.

మొత్తం నుడులు పదకొండువందల నలభై. పట్టిన కాలం పంతొమ్మిదేండ్లు. ఇంగ్లీషువాడు క్రియకు ఒక చిన్న తోక తగిలించి అర్థాన్ని పూర్తిగా మార్చేస్తాడు. ‘టేక్’ అంటే తీసుకోవడం. ‘టేక్ డౌన్’ అంటే విప్పి దించడం, ‘టేక్ అప్’ అంటే వదులును లాగి సరిచేయడం, ‘టేక్ ఇన్’ అంటే మోసపుచ్చడం. క్రియ ఒక్కటే, పెత్తనమంతా తోకది. ఈ సంగతి నాకు ఏ పంతులూ చెప్పలేదు. లాంకషైరు నుంచి మా స్టోరుకు వచ్చే విడిభాగాల పెట్టెల్లో, స్పిండిళ్ళకు (కదుళ్ళకు) దెబ్బ తగలకుండ పాత ఇంగ్లీషు వార్తాపత్రికలు కుక్కి పంపుతారు. పెట్టె విప్పినవాళ్ళు ఆ కాగితాన్ని పారేసేవారు. నేను ఒక్కొక్క ముక్కను ఇస్త్రీపెట్టెతో సాపు చేసి చదివాను.

తెలుగు లిపి నాకు అబ్బిన దారి వేరు. మధురలో మా పెదనాన్న ఇంట దేవుడి గూటిలో ఒక తాటాకుల కట్ట ఉండేది. మా వాళ్ళకు ఎన్నో తరాలుగా ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. కనుక ఆ ఆకులు చదవగలిగినవారు ఎవరూ లేరు. ఏటా వాటికి పసుపు పూసి, దండం పెట్టి, మళ్ళీ గూటిలో పెట్టేవారు. నా ఇరవై ఆరో ఏట మదరాసు నుంచి వాచకం తెప్పించుకుని, నాలుగు నెలల్లో లిపి నేర్చి, ఆ కట్ట విప్పాను. అందులో మంత్రాలు లేవు. ముప్పైరెండు ఎద్దుల జాబితా ఉంది. “మల్లడు, కుడి కాడికి మెత్తన. చుక్కడు, నీటిని చూచి బెదురును.” వ్రాసినవాడెవడో పేరు లేదు. అయినా వాడు నా వంశంవాడే అనడానికి నాకు మరొక సాక్ష్యం అక్కరలేదు.

సెప్టెంబరు 9.

ప్రతులు పంచాను. ముఖ్యులు:

మిల్లు యజమాని వరదరాజ నాయుడుగారు. రెండు చేతులా అందుకుని, “అట్ట బ్రమ్మాండంగా ఉండాది, అళగిరీ” అన్నారు.

మాయాండి. మా అక్క కొడుకు, నా భార్యకు తమ్ముడు. కళ్ళకు అద్దుకున్నాడు.

సుడలై. తలమీద పెట్టుకుని మా వీధి చివరిదాకా నడిచాడు.

ముని. కాళ్ళు కడుక్కుని వచ్చి తీసుకున్నాడు.

ఈ ముగ్గురూ పాత షెడ్డులో యంత్రాలకు నూనె పోసే పనివాళ్ళు.

నా భార్య వీరాయి చేతిలో ఒక ప్రతి పెట్టాను. బరువు చూసింది. “దీనికా మామా, పంతొమ్మిదేండ్లు లాంతరుకి నూనె పోసినాను?” అన్నది. అన్నది గాని, చీరచెంగుతో అట్ట తుడిచింది.

సెప్టెంబరు 14. సోమవారం.

కొత్త షెడ్డులో నూలు వడికే పన్నెండు రింగు ఫ్రేములు నిలబెట్టడానికి లాంకషైరు నుంచి క్లెగ్ దొర వచ్చాడు. పొట్టివాడు, ఎర్రటి మెడ, గొంతు మాత్రం మిల్లు సైరను.

నాయుడుగారు నన్ను పిలిపించారు. ఆయన మాటలు యథాతథంగా (‘కడసీ’ అంటే ఆఖరు, ‘ఆళ్ళు’ అంటే పనివాళ్ళు, ‘దా’ అంటే మన ‘నే’; మూడూ తమిళమే):

“దొరై నవంబరు కడసీలో ఓడెక్కేస్తాడు. అంతలోపల మనోళ్ళు ముగ్గురు ఆయన మాట పట్టుకుని పని నేర్చుకుంటే, కొత్త షెడ్డుకి ఫిట్టర్లు వాళ్ళే. పట్టుకోలేదా, బొంబాయి నుంచి ఆళ్ళని పిలిపించేది దా. వేరే దారి లేదు నాకి.”

మా వీధి నుంచి ఈనాటిదాకా ఫిట్టరు అయినవాడు లేడు. ఊడ్చేవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు, నూనె పోసేవాళ్ళు, అంతే. స్టోరులో కుర్చీ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

“అయ్యా, నా పుస్తకం వాళ్ళ ముగ్గురి చేతుల్లో ఉంది. చదువుతున్నారు. నాది పూచీ” అన్నాను.

“నువ్వు చెప్పినావంటే సరి” అన్నారు.

అక్టోబరు ఆఖరుదాకా నేను దొర పక్కన దుబాసీగా ఉండాలి. ఆ తరువాత నేను స్టోరుకు తిరిగి వెళ్ళాలి. వాళ్ళు నా సాయం లేకుండ పని చేయాలి.

సెప్టెంబరు 22.

దొర పని తీరు ఇది. ఫ్రేము మా వీధిలో నాలుగిళ్ళంత పొడుగు. ఒక కొసన పళ్ళచక్రాల దగ్గర ఆయన వంగి ఉంటాడు. రెండో కొసన మనవాడు స్పానరు పట్టుకుని ఉంటాడు. ఒకరికొకరు కనబడరు. కనుక సైగలు పనికిరావు. ఆయన అరుస్తాడు, ఇక్కడివాడు ఆ క్షణంలోనే చేయాలి. ‘బ్యాక్ ఆఫ్’ అంటే మరను వెనక్కి తిప్పాలి. ‘నిప్ అప్’ అంటే కొద్దిగా మాత్రమే బిగించాలి. ‘టేక్ డౌన్’ అంటే విప్పి దించాలి. నేను నడుమ నిలబడి, అటు విని ఇటు అరుస్తాను. ఇవాళ డెబ్బైమూడు మాటలు అందించాను. తప్పు ఒకటీ లేదు.

విరామంలో మాయాండి అడిగాడు.

“మామా, ‘నిప్ అప్’ అంటే ఏంటి? ఇంకోతూరి చెప్పండి.”

“నూట పద్దెనిమిదో పుట. పైనుంచి ఆరోది.”

“సరి మామా.”

“అక్షరాలు పట్టుబడ్డాయా? మొదట్లోనే పట్టిక వేయించాను గదా. నలభై రోజుల పని.”

“వస్తా ఉండాయి మామా. వస్తా ఉండాయి.”

సుడలై మురుకు కొరుకుతూ అన్నాడు: “ప్రెస్సు మదరాసులో లేదురా. మామ తలకాయలో దా ఉండాది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పుట సంఖ్య చూడకుండ చెప్పానని వాళ్ళు గమనించారు.

అక్టోబరు 3.

దొర నోట ఈ వారం దొరికినవి, పుస్తకంలో లేనివి:

గాన్ వెస్ట్. చెడిపోయినది, చచ్చినది. పళ్ళు విరిగిన చక్రాన్ని చూపి అన్నాడు.

హాఫ్ ఎ మో. క్షణమాగుము.

ఆల్ మై ఐ. వట్టి బూటకము.

పుల్ యువర్ సాక్స్ అప్. అలసత్వము విడిచి పని చేయుము. పుట్టినప్పటినుంచి మేజోడు తొడగని సుడలైతో అన్నాడు. సుడలై చాలాసేపు తన కాళ్ళు చూసుకున్నాడు.

మొత్తం పదకొండువందల నలభై నాలుగు. రెండో కూర్పుకు పనికివస్తాయి.

అక్టోబరు 10.

మాయాండి ఇవాళ నాలుగు మాటలు అడిగాడు. నాలుగింటికీ పుటలు చెప్పాను. “సరి మామా” అన్నాడు. వినయం గలవాడు.

అక్టోబరు 24. శనివారం. ఆయుధపూజ.

మిల్లంతా కడిగారు. ఫ్రేములకు మామిడాకులు, గుమ్మడికాయ, సాంబ్రాణి. దొర కూడ నుదుట బొట్టు పెట్టించుకుని, అద్దం కావాలని అడిగాడు.

కొత్త షెడ్డు పూజపీట మీద స్పానర్లు, సుత్తులు, నూనెడబ్బాలు. వాటికన్న పైమెట్టున, పట్టుగుడ్డ మీద, నా పుస్తకం మూడు ప్రతులు. మాయాండిది, సుడలైది, మునిది. గంధం, కుంకుమ, మీద బంతిపూలు. నాయుడుగారి తల్లి సీతమ్మాళ్‌గారు వచ్చి వాటికి హారతి ఇచ్చారు. నా పుస్తకానికి హారతి! చూస్తూ ఉండిపోయాను. పక్కనే వీరాయి నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది.

పూజ అయ్యాక దగ్గరికి వెళ్ళి చూశాను. పుటల అంచు మీద మూడు వైపులా పసుపు పూశారు. ఇవాళ పూసింది కాదు. ఎండి గట్టిపడిన పాత పసుపు మీద కొత్తది పూశారు. పాత పసుపు పొర ఎక్కడా పగలలేదు. మూడు ప్రతులకూ అంతే.

ఎంత జాగ్రత్తగా వాడుతున్నారో!

అక్టోబరు 25. ఆదివారం.

పసుపు పొర పగలకుండ పుస్తకం తెరవవచ్చునా అని నా ప్రతి మీద పరీక్షించాను. పలుచగా పూస్తే ఒకవేళ సాధ్యం కావచ్చు.

అక్టోబరు 26.

సాధ్యం కాదు.

అక్టోబరు 27.

వ్రాయదగిన విశేషం లేదు.

అక్టోబరు 31. శనివారం.

దుబాసీ పని ముగిసింది. ఏడు వారాల్లో అందించిన మాటలు రెండువేల తొమ్మిదివందల పైచిలుకు. దొర చేయి కలిపాడు. సోమవారం నుంచి నేను స్టోరులో ఉంటాను. ముగ్గురూ వివేకవంతులు. చూసి చూసి నేర్చుకుని ఉంటారు. పూచీ ఇచ్చాను గదా. ఇచ్చినవాడికి నమ్మకం ఉండాలి.

నవంబరు 2. సోమవారం.

స్టోరుకూ కొత్త షెడ్డుకూ నడుమ ఒకటే గోడ. దొర అరుపు వినబడింది. తరువాత నిశ్శబ్దం. మళ్ళీ అరుపు. మళ్ళీ నిశ్శబ్దం. తరువాత బూట్ల చప్పుడు, ఫ్రేము ఈ కొస నుంచి ఆ కొసకు.

తన మాట ఒక్కటీ అందక, ఆయన ఫ్రేము చుట్టూ తిరిగివచ్చి చేత్తో చూపించవలసి వచ్చింది. పదకొండుసార్లు. పదకొండోసారి టోపీ తీసి నేలకు కొట్టాడట. మనవాళ్ళు ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడ్డారట.

నవంబరు 3.

నాయుడుగారు పిలిచారు. కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

“అళగిరీ, ఇరవై ఎనిమిదో తేదీ కడసీ ఫ్రేము ఎత్తుతారు. ఆ రోజు మనోళ్ళు దొరై మాటకి చెయ్యి ఆడించకుంటే, నేను బొంబాయికి తంతి కొట్టేది దా. నువ్వు చదువుతా ఉండారని చెప్పినావు గదప్పా?”

“చెప్పానయ్యా” అన్నాను.

సాయంకాలం ముగ్గురినీ వాళ్ళ ప్రతులతో మా ఇంటికి రప్పించాను. మాయాండి ప్రతిని అతని చేతిలోనే పెట్టాను.

“నూట పద్దెనిమిదో పుట తెరువు” అన్నాను.

వాడు బొటనవేలు దూర్చి తెరిచాడు. పసుపు పెళుసుగా విరిగి వాడి ఒళ్ళో రాలింది. పుట ఒకటి తిప్పాడు. మరొకటి తిప్పాడు. అక్షరాల పట్టిక దగ్గర ఆగాడు. అక్కడి నుంచి కదలలేదు.

“తిప్పు. చదువు. రెండు నెలలుగా వస్తా ఉండాయి, వస్తా ఉండాయి అన్నావు! ఏం వచ్చాయి?”

వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న వీరాయి తల ఎత్తకుండానే మాట్లాడింది.

“వాణ్ణి ఏంటికి తిడతారు మామా? మనోళ్ళలో ఆ తెలుగు ఎళుత్తు ఎవురికి తెలుసు? మీరు చదివినారు, మీకి తెలుసు. మాకి తెలుగు నోట్లో ఉండాది, కంట్లో లేదు.”

“అలాగని ఒక్కరైనా నాకు చెప్పలేదే!”

మాయాండి పసుపు పెళ్ళలు ఒక్కొక్కటే ఏరుతున్నాడు. “మీరు అంత ఆసగా ఇచ్చినారు మామా. ఎట్ల చెప్పేది? పూజలో పెట్టినాము. మాకి తెలిసిన మరియాద అది దా.”

“మాట అడిగితే పుట చెప్తారు మీరు” అన్నాడు ముని మెల్లగా. “పుట ఏంటికి మామా మాకి? మాట చెప్పుంటే పట్టుకునుంటాము.”

 వాళ్ళు వెళ్ళొస్తామని చెప్పి వెళ్ళారు.

నవంబరు 4.

ప్రతులు అందుకున్నవారి జాబితా తీశాను. నలభై ఒక్క పేర్లు. తెలుగు లిపి చదవగలవారి పేరు పక్కన ఒక చుక్క పెట్టుకుంటూ వచ్చాను.

నాయుడుగారి సంగతి తెలియక ఆయన పేరు వదిలాను. మిగతావాటిలో ఒక్క చుక్క. అది నా సొంత ప్రతి.

మధుర ఇంట్లో పెదనాన్న ప్రతి ఏడూ తాటాకుల కట్టకు పసుపు పూస్తుంటే చూసి, లోలోపల నవ్వుకునేవాణ్ణి.

నవంబరు 5. గురువారం.

మిల్లు వదిలాక ముగ్గురినీ మళ్ళీ పిలిచాను. రారేమో అనుకున్నాను. వచ్చారు. పసుపు తుడిచి తెచ్చారు.

“నేను చదువుతాను. మీరు వినండి” అన్నాను.

మొదట ‘రన్ ఇన్’ తీశాను. నా అర్థం స్పష్టంగా చదివాను: “నూతన యంత్రమును మందగతిని నడిపి, తద్భాగములకు పరస్పర మార్దవము కల్పించుట.”

ముని గడ్డం గోక్కున్నాడు. “మామా, కోపించుకోకండి. ఇది ఇంగ్లీసు కంటే కష్టంగా ఉండాదే!”

సుడలై నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళి నోట్లోని తాంబూలం ఉమ్మి వచ్చాడు.

మరల చదివాను. ఇంకా నెమ్మదిగా. నెమ్మదిగా చదివితే అర్థమయ్యే వాక్యం కాదు అది. అంత అందంగా కుదిరిందని ఆ వాక్యాన్ని నేను వారం రోజులు మెచ్చుకున్నాను.

వీరాయి లోపలి నుంచి అడిగింది. “కొత్త మిసను. బరువు ఎత్తకుండా మెల్లగా తిప్పేది. అంతే గదా?”

“అంతే.”

“కొత్త ఎద్దుకి కాడి పెట్టి, వట్టి బండికి కట్టి ఊరు చుట్టి తిప్పుతారే, అది. దీనికి ఇంత మాట ఏంటికి?”

ముగ్గురూ ఒక్కసారి తలలు ఊపారు. “అది చెప్పు అక్కా!” అన్నాడు మాయాండి.

నాకు తాటాకు మీది మల్లడు గుర్తుకు వచ్చాడు. కుడి కాడికి మెత్తన. ఆ వ్రాసినవాడు ‘మార్దవము’ అని వ్రాయలేదు.

కలం తీసి, నా ప్రతిలో నా అర్థాన్ని కొట్టివేసి, పైన వీరాయి మాట వ్రాశాను. కలం ఒకసారి ఆగింది. తరువాత ఆగలేదు.

నవంబరు 8. ఆదివారం.

ఈనాటికి వీరాయి చెప్పినవి, నేను దిద్దినవి:

నిప్ అప్. కుక్క మెడకి తాడు కట్టినట్టు. ఊడకూడదు, మెడ నొక్కకూడదు.

బ్యాక్ ఆఫ్. వచ్చిన దారిలోనే వెనక్కి తిప్పు.

టేక్ అప్. వదులు చీరని నడుములోకి దోపేటట్టు.

సీజ్ అప్. అల్లుడు అలిగి కూర్చున్నట్టు. ఏ పక్కకీ కదలడు.

పుట్ అప్ విత్. దీనికి నేను “సహించుట” అని వ్రాసి ఉన్నాను. చదివి వినిపించాను. “అదా? మీ కూడ నేను కాపరం చేసేది” అన్నది. సుడలై దొర్లి దొర్లి నవ్వాడు. దీన్ని దిద్దడమా, వద్దా అన్నది ఇంకా తేల్చలేదు.

మాయాండి వడ్రంగి పెన్సిలుతో తన ప్రతిలో, ప్రతి నుడి పక్కనా బొమ్మ గీస్తున్నాడు. ‘నిప్ అప్’ పక్కన కుక్క. ‘రన్ ఇన్’ పక్కన ఎద్దు. అచ్చయిన పుస్తకం మీద గీతలు చూడగానే నా ఒళ్ళు జలదరించింది. వద్దు అనబోయాను. ఆ కుక్క మెడలో తాడు ఎంత వదులుగా ఉండాలో అంతే వదులుగా ఉంది. వాడి పెన్సిలు తీసుకుని చెక్కి ఇచ్చాను.

నవంబరు 13. శుక్రవారం. దీపావళి.

లెట్ ఆఫ్. టపాకాయ కాల్చుట. తప్పు చేసినవానిని శిక్షింపక విడుచుట కూడ. ఇవాళ రెండూ చూశాను: మొదటిది వీధిలో, రెండోది నా పట్ల ఆ ముగ్గురిలో.

నవంబరు 17.

అభ్యాసానికి పద్ధతి కనిపెట్టాను. మా వీధి ఇళ్ళవరుస ఫ్రేముకన్న పొడుగు. నేను ఈ కొసన గోడ చాటున నిలబడి అరుస్తాను. ఆ కొసన ముగ్గురూ పాత బోల్టులు, స్పానర్లు పట్టుకుని ఉంటారు. నేను కనబడకూడదు. ఎవరైనా తప్పు తిప్పితే వాకిళ్ళలో కూర్చున్న ఆడవాళ్ళే నాకు అరిచి చెబుతారు.

“బ్యాక్ ఆఫ్!”

“అళగిరన్నా, సుడలై ముందుకి తిప్పతా ఉండాడు!”

“ఏయ్, నీకి ఏంటికి లే? నీ రసం పొంగతాది చూడు పో!”

“రసం పొంగితే దించుకుంటాను. నువ్వు వెనక్కి తిప్పురా మొదట!”

ఇవాళ ముప్పై మాటలకు ఇరవై మూడు సరిపోయాయి. నిన్న పద్దెనిమిది.

నవంబరు 21.

ముప్పైకి ఇరవై ఎనిమిది.

మూడో ఇంటి పళనియమ్మాళ్ తన అరుగెక్కిన మేకను చీపురుతో తరుముతూ “క్లియర్ ఆఫ్! క్లియర్ ఆఫ్!” అన్నది. మేక దిగింది. నూట ఆరో పుట. ఇక పుట చెప్పే అలవాటు మానుకోవాలి.

నవంబరు 24.

ముప్పైకి ముప్పై. మళ్ళీ ముప్పై చెప్పాను. మళ్ళీ ముప్పై. ముని ఆ పూట చేసిన తీరు వ్రాసి ఉంచదగినది: నేను సగం మాట అనేసరికే స్పానరు మీద చెయ్యి పెట్టి, తోక వినేదాకా కదలకుండ ఆగాడు. ‘పెత్తనమంతా తోకది’ అని నేను వ్రాసుకున్న సూత్రం, వాడు చదవకుండానే కనిపెట్టాడు.

నవంబరు 27.

రేపే.

నాయుడుగారికి నిజం చెప్పాలి. గెలిచాక చెబితే గొప్పకు చెప్పినట్టు ఉంటుంది. ఓడాక చెబితే సాకు చెప్పినట్టు ఉంటుంది. కనుక ఇవాళే వెళ్ళి చెప్పాను. పూచీ ఇచ్చిన రోజున వాళ్ళలో ఒక్కరూ ఒక్క పుట చదవలేదని, ఎవరికీ ఆ లిపే రాదని, నేను వాళ్ళను అడిగి తెలుసుకోకుండానే మాట ఇచ్చానని చెప్పాను. నిలబడే చెప్పాను.

ఆయన బల్ల సొరుగు లాగి నా పుస్తకం తీసి ముందు పెట్టారు. మూడంచులా పసుపు.

“అమ్మ పూసింది” అన్నారు. “నేను చదివింది తమిళం, ఇంగ్లీసు. నాకి మాత్రం ఈ ఎళుత్తు ఎక్కడ వస్తాది, అళగిరీ? నీ మొగం చూసి చెప్పలేకపోయినాను. ఎవురికీ చెప్పొద్దప్పా.”

ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ వ్రాశాను, అంతే.

నవంబరు 28. శనివారం.

స్టోరులోనే ఉన్నాను. అక్కడికి వెళ్ళడం న్యాయం కాదు. ట్రావెలర్ల పెట్టె ముందు పెట్టుకుని లెక్క మొదలుపెట్టాను. ట్రావెలరు అంటే నూలును రింగు చుట్టూ తిప్పే చిన్న ఇనుపకొక్కి, చీమంత ఉంటుంది. నాలుగుసార్లు లెక్క తప్పాను. స్టోరుకీపరుగా ఇరవైయేండ్లలో మొదటిసారి.

గోడ అవతల దొర గొంతు. “టేక్ అప్!” నేను వ్రేళ్ళు బిగించాను. బూట్ల చప్పుడు కోసం చెవులు రిక్కించాను. రాలేదు. “నిప్ అప్!” రాలేదు. “బ్యాక్ ఆఫ్! హాఫ్ ఎ మో! నిప్ అప్!” ఒకదాని మీద ఒకటి, ఊపిరి తీయకుండ. బూట్ల చప్పుడు రాలేదు. ఆయన నిలబడినచోటనే ఉన్నాడు. మనవాళ్ళు చేస్తున్నారు.

పదిన్నరకు పన్నెండో ఫ్రేము కదిలింది. మొదట మెల్లగా, వట్టి బండికి కట్టిన ఎద్దులాగ. తరువాత నాలుగువందల స్పిండిళ్ళు కలిసి ఒకే గొంతు ఎత్తాయి. నా బల్ల మీది పెట్టెలో ట్రావెలర్లన్నీ సన్నగా వణికాయి.

మధ్యాహ్నం మాయాండి వచ్చాడు. మోచేతులదాకా గ్రీజు. తలుపులోనే నిలబడ్డాడు.

“ఒక్కతూరి కూడ చుట్టి రాలేదు మామా, దొరై. ఒక్కతూరి కూడ!”

“విన్నాను.”

“ముగ్గురికీ ఆర్డరు రాసేసినారు. నాయుడయ్య సంతకం కూడ పెట్టినారు. బొంబాయికి తంతి లేదు.”

నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. 

వాడు చంకలోంచి తన ప్రతి తీశాడు. అట్ట మీద నల్లటి వ్రేళ్ళ గుర్తులు. అంచు మీద పసుపు ఒక మూలన గోరంత మిగిలింది, మిగతాదంతా గ్రీజు. పుటలు ఉబ్బి, పుస్తకం మూసుకోవడం మానేసింది. మదరాసు నుంచి వచ్చిన నూరు ప్రతుల్లో ఇంతకన్న బాగున్నది నేను చూడలేదు.

“మామా, దొరై పోయేటప్పుడు నా భుజం మీద కొట్టి ఒక మాట అన్నాడు. సుడలైకీ మునికీ కూడ అదే అన్నాడు. ఈ పొస్తకమంతా బొమ్మ బొమ్మగా చూసినాను. దొరకలే.”

“ఏమన్నాడు?”

“‘యూ విల్ డూ’ అన్నాడు.”

మూడు చిన్న మాటలు. విడివిడిగా ప్రతిదీ నాకు తెలుసు. పంతొమ్మిదేండ్లలో, అన్ని పత్రికల్లో, ఈ మూడూ ఇలా కలిసి నా జాబితాలోకి రాలేదు. మాయాండి నా మొహంలోకి చూస్తున్నాడు, పుట చెబుతానేమోనని.

“పుస్తకంలో లేదు” అన్నాను. “నువ్వు అక్కడ ఉన్నావు. ఆయన మొహం చూశావు. నువ్వే చెప్పు, ఏమన్నాడు?”

వాడు గ్రీజు చేతులు పంచెకు తుడుచుకున్నాడు. కొంచెం సిగ్గుపడ్డాడు. తరువాత చెప్పాడు.

నవంబరు 29. ఆదివారం.

రెండో కూర్పుకు ఏర్పాట్లు. ఒకటి, అర్థాలన్నీ వీరాయి మాటలో ఉండాలి. రెండు, ప్రతి నుడి పక్కనా మాయాండి బొమ్మ. మూడు, మొదటి పుటలో ‘సంగ్రహించినవాడు’ తీసివేసి ‘సంగ్రహించినవారు’ అని వేయాలి. వీరాయిని అడిగాను. “నా పేరు ఏంటికి మామా, నేను చదవలేను గదా” అన్నది. అక్షరాల పట్టికలో తన పేరు అక్షరాలు మూడూ చూపించాను. వేలు పెట్టి మూడింటినీ తాకింది. వంట ఆలస్యమైంది.

ఇక నిన్నటి కొత్త నుడి. ఎర్ర సిరాతో, నిండు అక్షరాలతో, నా చేతనైనంత అందంగా వ్రాసుకుంటున్నాను:

1145. యూ విల్ డూ. “నువ్వు చాలురా.” అర్థం చెప్పినవాడు: ఫిట్టరు మాయాండి.